తగ్గిన బరువు ఎక్కడికి పోయింది? తేలికపాటి టెలీఫోటో లెన్స్ ఎంపికలో చూడాల్సిన లెక్క

సోనీ 600 మి.మీ. ఎఫ్/4 లెన్స్ బరువు 3,040 గ్రాములు. నికాన్ జెడ్ 600 మి.మీ. ఎఫ్/6.3 బరువు, ట్రైపాడ్ కాలర్ (లెన్స్‌ను ట్రైపాడ్‌కు బిగించే పట్టీ) తీసేస్తే, 1,390 గ్రాములు. కెనాన్ ఆర్‌ఎఫ్ 600 మి.మీ. ఎఫ్/11 అయితే 930 గ్రాములే. మూడూ 600 మి.మీ. లెన్సులే. ఒకే చోట నిలబడి ఫుల్‌ఫ్రేమ్ (36×24 మి.మీ. సెన్సార్ ఉన్న) కెమెరాలతో తీస్తే కొమ్మ మీది పిట్ట మూడింటిలోనూ ఒకే పరిమాణంలో పడుతుంది. అలాంటప్పుడు రెండు కిలోలకు పైగా తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

లెన్స్‌లో బరువు ఊరికే తగ్గదు. వెలుగునో, జూమ్ సౌకర్యాన్నో, వాననీళ్లను తట్టుకునే గట్టిదనాన్నో, దగ్గరి వస్తువును పట్టే శక్తినో ఎక్కడో ఒకచోట వదులుకుంటేనే తగ్గుతుంది. కొన్నిసార్లు తెలివైన గాజుపని వల్ల నిజంగానే తగ్గుతుంది, కానీ దానికీ ఏదో ఒక లోటు అంటిపెట్టుకునే ఉంటుంది. కాబట్టి తేలికపాటి లెన్స్ కొనేవారు ముందుగా తేల్చుకోవాల్సింది, ఏది వదులుకుంటే తమ ఫోటోలకు నష్టం తక్కువ అన్నది. కంపెనీల స్పెసిఫికేషన్లలో ఈ సంగతి నేరుగా రాసి ఉండదు. చిన్న భాగహారం చేసుకుంటే మాత్రం చాలావరకు బయటపడుతుంది.

ఆ భాగహారం ఇది. లెన్స్ పేరులో ఉండే మిల్లీమీటర్ల సంఖ్యను, అంటే ఫోకల్ లెంగ్త్‌ను, ‘ఎఫ్/’ తర్వాత ఉండే ఎఫ్ నంబరుతో భాగించాలి. 600ను 4తో భాగిస్తే 150. 6.3తో భాగిస్తే 95. 11తో భాగిస్తే 55 కంటే ఓ వెంట్రుకవాసి తక్కువ. వచ్చిన సంఖ్య వెలుగు లెన్స్‌లోకి అడుగుపెట్టే వాకిలి వెడల్పు, మిల్లీమీటర్లలో. టెలీఫోటో లెన్స్‌లో ముందరి గాజు కనీసం ఈ వాకిలి అంత వెడల్పు ఉండక తప్పదు. గాజు వెడల్పు రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. మందం కూడా అదే పాళ్లలో పెరిగితే బరువు ఎనిమిది రెట్లకు చేరుతుంది. మూడు కిలోల లెన్స్‌కు, కిలో కూడా లేని లెన్స్‌కు మధ్య ఉన్న అంతరంలో పెద్ద వాటా ఈ వాకిలిదే.

ఈ ఒక్క సంఖ్యకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణముంది. ఒకే చోట నిలబడి, ఒకే పిట్టను, ఒకే షటర్ స్పీడ్‌తో తీసినప్పుడు ఆ పిట్ట నుంచి సెన్సార్‌కు చేరే మొత్తం వెలుగు వాకిలి వైశాల్యాన్ని బట్టే ఉంటుంది. ఫోకల్ లెంగ్త్ ఎంతైనా, సెన్సార్ చిన్నదైనా పెద్దదైనా, పిట్ట మీద నుంచి అందే వెలుగు పద్దు అదే. 95 మి.మీ. వాకిలి 55 మి.మీ. వాకిలి కంటే సుమారు మూడు రెట్లు వెలుగు పట్టుకొస్తుంది. 150 మి.మీ. వాకిలి ఆ 95 కంటే రెండున్నర రెట్లు తెస్తుంది. ఫోటోలో కనిపించే నాయిస్, అంటే ఇసుక చల్లినట్టుండే మచ్చలు, ప్రధానంగా ఈ వెలుగు కొరత వల్ల పుట్టేదే.

బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. పిట్ట మీద ఫోకస్ ఉన్నప్పుడు, ఎక్కడో దిగంతంలో ఉన్న ఒక వెలుగు చుక్క ఫోటోలో గుండ్రటి బిళ్లగా పరుచుకుంటుంది. ఆ బిళ్ల పిట్ట పక్కనే పెట్టి కొలిచినట్టయితే సరిగ్గా వాకిలి అంత వెడల్పు ఉంటుంది. అంటే 15 సెంటీమీటర్ల పిచ్చుక ఫోటోలో, 95 మి.మీ. వాకిలి ఉన్న లెన్స్ వెనకటి చుక్కను పిచ్చుక పొడవులో మూడింట రెండు వంతులకు చెదరగొడుతుంది. 50 మి.మీ. వాకిలి మూడింట ఒక వంతుకే. వెనక ఉన్న పొద దిగంతంలో కాకుండా, పిట్ట ఎంత దూరంలో ఉందో దానికి రెట్టింపు దూరంలో ఉంటే, బిళ్ల సగానికి పడిపోతుంది. చిన్న వాకిలి లెన్స్‌తో తీసేవారు నేపథ్యం దూరంగా ఉండేలా ఒక అడుగు పక్కకు జరగడానికి ఎందుకంత తాపత్రయపడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఎఫ్/11 లెన్స్‌తో నేపథ్యం చెదరదని చెప్పేవారున్నారు. అది సగం నిజమే. చోటు ఎంచుకోకపోతే చెదరదు.

సెన్సార్ సైజు గురించిన వాదన దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. ఫుల్‌ఫ్రేమ్‌లో దాదాపు సగం వెడల్పుండే మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సార్ మీద 300 మి.మీ. లెన్స్, ఫుల్‌ఫ్రేమ్ మీద 600 మి.మీ. చూపించేంత ఇరుకైన దృశ్యాన్నే చూపిస్తుంది. కాబట్టి చిన్న సెన్సార్‌కు మారితే సామాను సగమవుతుందన్నది ప్రచారం. ఒలింపస్ 2016లో తెచ్చిన 300 మి.మీ. ఎఫ్/4 ప్రో లెన్స్ కాలర్ లేకుండా 1,270 గ్రాములు, వాకిలి 75 మి.మీ. నికాన్ 600 ఎఫ్/6.3 బరువు 1,390, వాకిలి 95. కలిసొచ్చింది 120 గ్రాములే, వాకిలి మాత్రం చిన్నదైంది. చిన్న సెన్సార్ వ్యవస్థలో బాడీ చిన్నగా ఉండవచ్చు, స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) అద్భుతంగా ఉండవచ్చు, ఆ లెన్స్ పదును మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. కానీ లెన్స్ బరువు తగ్గడానికి కారణం సెన్సార్ అనుకుంటే పొరపాటు. సెన్సార్ చిన్నదైనప్పుడు చాలామంది చిన్న వాకిలితో సర్దుకుపోవడానికి ఒప్పుకుంటారు, బరువు తగ్గేది అందువల్ల.

ఇక పిట్ట మీద ఎన్ని పిక్సెళ్లు పడతాయన్నది వేరే లెక్క. పది మీటర్ల దూరంలోని 15 సెంటీమీటర్ల పిచ్చుక, 600 మి.మీ. లెన్స్‌లో సెన్సార్ మీద 9 మి.మీ. పొడవున పడుతుంది. 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఆ 9 మి.మీ.లో సుమారు రెండు వేల పిక్సెళ్లుంటాయి. 24 మెగాపిక్సెళ్లదైతే పదిహేను వందలు. 20 మెగాపిక్సెళ్ల మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలో 300 మి.మీ. లెన్స్‌తో పిచ్చుక నాలుగున్నర మి.మీ.కు కుదించుకుపోయినా, పిక్సెళ్లు చిన్నవి కాబట్టి పదమూడు వందలకు పైనే వస్తాయి. ఎక్కువ మెగాపిక్సెళ్ల బాడీ ఉన్నవారికి 400 మి.మీ.తో తీసి కత్తిరించుకునే వెసులుబాటు ఉంది. అంటే లెన్స్ బరువు కొంత బాడీ వైపు నుంచి కూడా తగ్గించుకోవచ్చు. వాకిలి చిన్నదైతే వచ్చే నాయిస్‌ను మాత్రం కత్తిరింపు దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది.

తెలివైన గాజుపని అన్నది రెండు మూడు దారుల్లో నడిచింది. మొదటిది ఫ్లోరైట్ స్ఫటికం. రంగులు విడిపోయి అంచుల్లో ఊదా, ఆకుపచ్చ చారలు పడకుండా చూడటంలో దానికి సాటి లేదు. కెనాన్ 1969లోనే 300 మి.మీ. ఎఫ్/5.6 లెన్స్‌లో దీన్ని వాడింది. రెండోది బరువైన గాజు పలకలను ముందు నుంచి వెనక్కి జరపడం. లెన్స్‌లో వెలుగు ముందుకు సాగుతున్నకొద్దీ సన్నబడుతుంది కాబట్టి, అదే పని చేసే గాజును వెనక పెడితే చిన్న పలక సరిపోతుంది. కెనాన్ 600 మి.మీ. ఎఫ్/4 చరిత్ర చూస్తే ఈ కృషి ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. 1999 నాటి ఐఎస్ (స్టెబిలైజేషన్ ఉన్న) మోడల్ 5,360 గ్రాములు. దాని తర్వాతి రెండో తరం 3,920. 2018లో వచ్చిన మూడో తరం 3,050. వాకిలి మాత్రం 150 మి.మీ. దగ్గరే ఉంది, ఒక్క గీత తగ్గలేదు. రెండు కిలోలకు పైగా తరుగు పూర్తిగా కూర్పులోనూ లోహంలోనూ వచ్చిందే. ఇక్కడ వదులుకున్నది ఫోటోలో కనపడదు, జేబుకు తెలుస్తుంది.

మూడో దారి అన్నింటికంటే ఆసక్తికరం. మామూలు గాజు వెలుగును వంచేటప్పుడు నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా వంచుతుంది. గాజు మీద అతి సన్నని వలయాకారపు గట్లు చెక్కి, వివర్తనం (అంచుల దగ్గర వెలుగు వంగి పరుచుకోవడం) ద్వారా వెలుగును వంచితే ఇది తిరగబడుతుంది. ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ వంగుతాయి. రెండింటినీ జతచేస్తే ఒకదాని తప్పును మరొకటి దిద్దుతుంది. రంగుల తప్పు దిద్దడానికే పేర్చే రెండు మూడు గాజు పలకల పనిని ఒక్కటే చేసేస్తుంది, లెన్స్ పొట్టిగానూ తేలికగానూ తయారవుతుంది. కెనాన్ దీన్ని డీఓ అని పిలుస్తుంది. 400 మి.మీ. ఎఫ్/4 డీఓ లెన్స్‌ను 2000 ప్రాంతంలో ప్రకటించింది. నికాన్ పెట్టిన పేరు ఫేజ్ ఫ్రెనెల్, వాడుకలో పీఎఫ్. పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లలో దీపస్తంభాల కోసం మెట్లు మెట్లుగా చెక్కిన కటకాన్ని రూపొందించిన ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఆగస్తాన్ ఫ్రెనెల్ పేరది. 2015లో నికాన్ తెచ్చిన 300 మి.మీ. ఎఫ్/4 పీఎఫ్ బరువు 755 గ్రాములు. అంతకు ముందరి 300 ఎఫ్/4లో దాదాపు సగం. 2018లో వచ్చిన 500 మి.మీ. ఎఫ్/5.6 పీఎఫ్ 1,460 గ్రాములతో, ట్రైపాడ్ లేకుండా రోజంతా తిరిగే పక్షి ఫోటోగ్రాఫర్లను ఒక్కసారిగా తన వైపు తిప్పుకుంది.

దీనికి అంటుకున్న లోటు ఎదురెండలో బయటపడుతుంది. సూర్యుడో, నీటి మీది మిరుమిట్లో ఫ్రేమ్‌లో గానీ దాని అంచున గానీ ఉంటే, ఆ వెలుగు చుట్టూ రంగు రంగుల వలయం లాంటి మెరుపు రావచ్చు. నికాన్ తానే ఈ సంగతి చెప్పి, తన సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తగ్గించే అమరిక కూడా ఇచ్చింది. తళతళలాడే నీళ్ల మీద ఎదురు వెలుగులో బాతులను తీయడమే అభిరుచిగా ఉన్నవారు తప్ప మిగతావారు దీని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు.

పాత కాలపు దారి ఇంకొకటుంది, అద్దాల లెన్స్. టెలిస్కోపులో లాగా వెలుగు లోపలి అద్దాల మీద ముందుకూ వెనక్కూ మడతపడి వస్తుంది. మినోల్టా 500 మి.మీ. ఎఫ్/8 రిఫ్లెక్స్‌కు ఆటోఫోకస్ కూడా ఉండేది, బరువు 665 గ్రాములే. కానీ ముందు భాగం మధ్యలో చిన్న అద్దం అడ్డుగా కూర్చుంటుంది కాబట్టి నేపథ్యంలోని ప్రతి చుక్కా గారె ఆకారంలో, నడుమ తూటుతో వస్తుంది. కాంట్రాస్ట్ కూడా కాస్త చప్పబడుతుంది. ఆకుల సందుల్లోంచి వెలుగు జల్లెడ పట్టినట్టు పడే చోట ఫోటో నిండా గారెలే. సరదాకు బాగానే ఉంటుంది.

ఎఫ్/11 లెన్స్ అనే మాట పాతికేళ్ల కిందట అంటే నవ్వేవారు. అప్పటి డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే) కెమెరాల్లో ఆటోఫోకస్ చాలావరకు ఎఫ్/5.6 దాకానే సవ్యంగా పనిచేసేది. ఆ పైన ఏవో కొన్ని బాడీల్లో నడుమ బిందువులు ఎఫ్/8 దాకా లాక్కొచ్చేవి. వ్యూఫైండర్ కూడా చీకటి పడిపోయేది. అద్దం తీసేసిన మిర్రర్‌లెస్ కెమెరాల్లో సెన్సారే ఫోకస్ చూస్తుంది, ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ వెలుగును పెంచి చూపిస్తుంది. ఆ మార్పు జరిగాకే 2020లో కెనాన్ 600, 800 మి.మీ. ఎఫ్/11 లెన్సులు తేగలిగింది. వాటిలోనూ డీఓ పలకలున్నాయి, అపెర్చర్ (వాకిలి) ఎఫ్/11 దగ్గరే స్థిరంగా ఉంటుంది, 600 లెన్స్‌ను మడిచిపెడితే 20 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. అయితే ఆ ఏడాదే వచ్చిన ఆర్5, ఆర్6 బాడీల్లో ఈ లెన్సులతో ఫోకస్ ఫ్రేమ్ నడుమ భాగంలోనే, అడ్డంగా 40 శాతం, నిలువుగా 60 శాతం మేరకే అందుతుంది. ఎగిరే పిట్ట ఆ గడి దాటిందంటే చేజారినట్టే. వాన, దుమ్ము లోపలికి పోకుండా చేసే సీలింగ్ కూడా వీటికి లేదు.

ఎఫ్ నంబరు పెరిగితే ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుగును పెంచి చూపే స్థాయి, ఎంత పెరుగుతుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. సూర్యుడు అప్పుడే పైకి వచ్చిన వేళ ఎఫ్/4 దగ్గర, 1/1000 సెకనుకు ఐఎస్‌ఓ 1600 సరిపోయిందనుకుంటే, ఎఫ్/6.3కు 4000 కావాలి, ఎఫ్/11కు 12800. నాయిస్ తగ్గించే ఇప్పటి సాఫ్ట్‌వేర్లకు 4000 దాదాపు ఒక లెక్క కాదు, తేలిగ్గా శుభ్రం చేసేస్తాయి. 12800 దగ్గర ఈకల గీతలు కరగడం మొదలవుతుంది. అయితే పిట్ట కదలకుండా కూర్చుని ఉంటే 1/1000 ఎందుకు? స్టెబిలైజేషన్ మీద నమ్మకముంచి 1/125కు దిగితే ఎఫ్/11 దగ్గర కూడా ఐఎస్‌ఓ మళ్లీ 1600కే వస్తుంది. పది ఫోటోల్లో రెండు మూడు మెడ తిప్పడం వల్ల చెదిరినా, మిగతావి నిలుస్తాయి. ఎగిరే పిట్టకు ఈ కిటుకు పనికిరాదు. స్టెబిలైజేషన్ ఆపేది చేతి వణుకునే తప్ప రెక్కల కదలికను కాదు. కంపెనీలు ఐదు స్టాపులు, ఐదున్నర స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగం కావడం) అని రాసే అంకెలను చదివేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి. చిన్న పిట్ట ఎగిరేటప్పుడు 1/2000 కంటే తక్కువతో పనవదు, ఆ వెలుగు వాకిలి నుంచే రావాలి.

ఎఫ్/11 వల్ల ఇంకో చిన్న నష్టం ఉంది. వివర్తనం వల్ల ఒక వెలుగు చుక్క ఎంత పదునైన లెన్స్‌లోనైనా చిన్న బిళ్లగా మారుతుంది. ఎఫ్/6.3 దగ్గర ఆ బిళ్ల వెడల్పు 8.5 మైక్రాన్లు, ఎఫ్/11 దగ్గర దాదాపు 15. 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ 4.4 మైక్రాన్లు. అంటే ఎక్కువ మెగాపిక్సెళ్ల బాడీ కొని, ఎఫ్/11 లెన్స్ తగిలించి, గట్టిగా కత్తిరించుకుందామనుకుంటే ఆశించినంత దక్కదు. పూర్తి ఫ్రేమ్ వాడుకునేవారికి ఇది పట్టదు.

జూమ్ సౌకర్యానికి చెల్లించే మూల్యం కూడా వాకిలి లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. కెనాన్ ఆర్‌ఎఫ్ 100-500 ఎఫ్/4.5-7.1 కాలర్ లేకుండా 1,365 గ్రాములు. 2024లో వచ్చిన సిగ్మా 500 మి.మీ. ఎఫ్/5.6 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) సుమారు 1,370. బరువులో తేడా లేనట్టే. కానీ 500 దగ్గర జూమ్ వాకిలి 70 మి.మీ., ప్రైమ్‌ది 89. ప్రైమ్ పట్టుకొచ్చే వెలుగు 1.6 రెట్లు. ఇంకోవైపు నుంచి చూస్తే, సోనీ 200-600 ఎఫ్/5.6-6.3 వాకిలి నికాన్ 600 ఎఫ్/6.3 పీఎఫ్‌తో సమానంగా 95 మి.మీ., కానీ బరువు 2,115 గ్రాములు. అంటే ఒకే బరువులో జూమ్ తీసుకుంటే వెలుగు పోతుంది, ఒకే వెలుగులో జూమ్ తీసుకుంటే ఏడు వందల గ్రాములు మోయాలి.

మరి జూమ్ అవసరమా? పక్షులే ప్రధానమైతే, ముఖ్యంగా చిన్నవైతే, జూమ్ రింగు ఎప్పుడూ పొడవాటి కొసకే తిరిగి ఉంటుంది. అలాంటివారు వాడని ఫోకల్ లెంగ్త్‌ల కోసం గాజు మోస్తున్నట్టే. జంతువుల విషయం వేరు. వాహనంలో కూర్చుని ఉండగా ఏనుగు ఇరవై మీటర్ల దగ్గరికి వచ్చేస్తే 600 ప్రైమ్‌లో దాని కన్నూ చెవీ మాత్రమే పడతాయి. జింకల మందను, మందలోంచి ఒక్క జింకను వెంటవెంటనే తీయాలన్నా జూమే గతి. ఇంకో విషయం, ఇది కొత్తవారికి ఎక్కువగా వర్తిస్తుంది. సన్నటి దృశ్యంలో ఎగిరే పిట్టను వెతికి పట్టుకోవడం కష్టం. 200 దగ్గర పిట్టను ఫ్రేమ్‌లోకి తెచ్చుకుని, 600కు సాగదీయడం జూమ్‌తో కుదురుతుంది. ప్రైమ్‌తో చాలాసార్లు ఖాళీ ఆకాశమే మిగులుతుంది.

నడుమ దారి టెలీకన్వర్టర్, అంటే లెన్స్‌కూ కెమెరాకూ మధ్య తగిలించి బొమ్మను పెద్దది చేసే చిన్న లెన్స్. సోనీ 300 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్‌ను 2023లో 1,470 గ్రాముల బరువుతో ప్రకటించారు. వాకిలి 107 మి.మీ., ఈ వ్యాసంలోని తేలిక లెన్సులన్నింటిలోకీ పెద్దది. 200 గ్రాములకు కాస్త పైన తూగే 2 రెట్ల కన్వర్టర్ తగిలిస్తే అది 600 ఎఫ్/5.6 అవుతుంది. కన్వర్టర్ వాకిలిని మార్చదు, ఉన్న వెలుగునే పెద్ద బొమ్మగా పరుస్తుంది. పదునులో, ఫోకస్ వేగంలో కొంత కోత తప్పదు. అయినా ఇంత మంచి లెన్స్ వెనక అది భరించదగ్గదే. అలాంటి 2 రెట్ల కన్వర్టర్‌ను ఎఫ్/7.1 జూమ్‌కు తగిలిస్తే ఎఫ్/14కు చేరుతుంది, అప్పుడు మిగిలేది ఎండలో నిలబడిన కొంగలే. పైగా ఆర్‌ఎఫ్ 100-500కు కన్వర్టర్ పెడితే జూమ్ 300 నుంచి 500 మధ్యే కదులుతుంది, దాన్ని సంచిలో పూర్తిగా మడిచి పెట్టుకోవడానికి కూడా కుదరదు.

బరువు అంకెను నమ్మేముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, కంపెనీలు పెద్దక్షరాల్లో రాసేది తరచూ కాలర్ తీసేసిన బరువు. నికాన్ 600 పీఎఫ్ కాలర్‌తో 1,470, ఆర్‌ఎఫ్ 100-500 కాలర్‌తో 1,530. హుడ్, క్విక్ రిలీజ్ ప్లేట్ వీటికి అదనం. రెండోది, బాడీ బరువు. నికాన్ జెడ్9 బ్యాటరీతో 1,340 గ్రాములు, జెడ్8 అయితే 910. పనితీరులో అన్నదమ్ముల్లాంటి ఈ రెండింటి మధ్య తేడా 430 గ్రాములు. లెన్స్‌లో వంద గ్రాముల కోసం నెలల తరబడి తర్జనభర్జన పడి, బాడీ దగ్గర అరకిలో వదిలేసేవారు ఎంతమందో.

చేతికి తెలిసే బరువు త్రాసు మీది బరువుతో సమానం కూడా కాదు. చేటను అంచు పట్టుకుని ఎత్తినప్పటికీ, నడుమ చెయ్యి పెట్టి ఎత్తినప్పటికీ ఉండే తేడా లాంటిదే ఇదీ. ముందువైపు బరువైన లెన్స్ ఎడమ ముంజేతిని త్వరగా అలసిపోయేలా చేస్తుంది. సోనీ 200-600, నికాన్ 180-600 లాంటివి లోపలే జూమ్ అవుతాయి. పొడవు మారదు, తూకం చెదరదు, సంచిలో మాత్రం పొడవాటి చోటు కావాలి. ముందుకు సాగే జూములు సంచిలో చిన్నగా ఇమిడినా, సాగదీయగానే బరువు ముక్కు వైపు జారుతుంది. ఇంకో చిత్రం, మరీ తేలిక లెన్స్ గాలికి, ఊపిరికి తేలిగ్గా వణుకుతుంది. కాస్త బరువున్న లెన్స్‌కు తనంత తానే నిలకడ ఉంటుంది. 635 గ్రాముల ఆర్‌ఎఫ్ 100-400ను గాలిలో ఎగిరే గద్ద వెంట నునుపుగా తిప్పడం, రెండు కిలోల లెన్స్ తిప్పినంత సులువని చాలామందికి అనిపించదు. మొదటి పది నిమిషాల సంగతి ఇది. రెండు గంటల తర్వాత ఏ చెయ్యైనా తేలిక లెన్స్‌నే కోరుకుంటుంది.

ఆ 100-400 గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని చిన్నచూపు చూడటం ఎక్కువ. కొసకు ఎఫ్/8, వాకిలి 50 మి.మీ., సీలింగ్ లేదు. కాగితం మీద నీరసమే. కానీ అది 88 సెంటీమీటర్ల దగ్గర కూడా ఫోకస్ చేస్తుంది, వస్తువును అసలు సైజులో 0.41 వంతుకు చూపిస్తుంది. సీతాకోకచిలుకలు, తూనీగలు, తొండలు దీని రాజ్యం. అదే సమయంలో కెనాన్ 600 ఎఫ్/11 నాలుగున్నర మీటర్ల కంటే దగ్గరికి రాదు, 800 ఎఫ్/11 ఆరు మీటర్లకు. నికాన్ 600 పీఎఫ్ నాలుగు మీటర్లు. వన్యప్రాణి అంటే దూరాన ఉండేదే అనుకుని లెన్స్ కొన్నవారు, పాదాల దగ్గర కప్పను చూసి వెనక్కి వెనక్కి నడవాల్సి వస్తుంది. కాలినడకన తిరుగుతూ కనిపించినదల్లా తీసేవారికి 50 మి.మీ. వాకిలి సరిపోదని తేల్చేసే ముందు ఈ కోణం చూడాలి.

అసలు ఎంపిక మొదలుపెట్టాల్సింది సమీక్షల దగ్గర కాదు, ఇప్పటికే తీసిన ఫోటోల దగ్గర. ప్రతి ఫోటోలో ఫోకల్ లెంగ్త్, షటర్ స్పీడ్, ఐఎస్‌ఓ నమోదై ఉంటాయి. బాగున్నాయని దాచుకున్న ఓ వంద ఫోటోలు తీసి చూస్తే లెక్క తేలిపోతుంది. ఎనభై ఫోటోలు జూమ్ చివరి కొసన తీసి, ఆపైన సగానికి కత్తిరించినవైతే ప్రైమ్ వైపు వెళ్లవచ్చు. ఐఎస్‌ఓ ఎక్కువసార్లు 6400 దాటిందంటే, ఉన్న వాకిలి కంటే చిన్నది కొనడం తెలిసి తెలిసి గోతిలో దిగడమే. ఐఎస్‌ఓ 800 దగ్గరే తచ్చాడుతుంటే, ఎఫ్/6.3 నుంచి ఎఫ్/9కు దిగినా పోయేదేమీ లేదు. పోగొట్టుకున్న ఫోటోలు మాత్రం ఈ వందలో ఉండవు. బరువుకు భయపడి లెన్స్ ఇంట్లో వదిలి వెళ్లిన రోజుల లెక్క ఎవరికి వారే జ్ఞాపకం నుంచి తీయాలి.

పాత లెన్సుల వైపు కూడా ఒక చూపు చూడవచ్చు. కెనాన్ ఈఎఫ్ 400 మి.మీ. ఎఫ్/5.6 1993 నాటిది. స్టెబిలైజేషన్ లేదు, మూడున్నర మీటర్ల కంటే దగ్గరివి తీయలేదు. అయినా ఎగిరే పక్షుల కోసం ఏళ్ల తరబడి దాన్నే నమ్ముకున్నవారున్నారు. సెన్సార్‌నే కదిపి వణుకును ఆపే ఇప్పటి మిర్రర్‌లెస్ బాడీకి అడాప్టర్‌తో తగిలిస్తే, లేని స్టెబిలైజేషన్ కొంతవరకు వచ్చేస్తుంది. లెన్స్ 1,250 గ్రాములు, అడాప్టర్ 110. మొత్తం 1,360, వాకిలి 71 మి.మీ. ఇరవై ఏడేళ్ల తర్వాత వచ్చిన ఆర్‌ఎఫ్ 100-500 బరువు 1,365, వాకిలి 70. మధ్యలో వచ్చి చేరినవి జూమ్, స్టెబిలైజేషన్, ఒక మీటరు లోపల ఫోకస్, ఇంకో వంద మిల్లీమీటర్ల పొడవు. వాకిలి, బరువు మాత్రం ఇంచుమించు ఎక్కడివక్కడే ఉన్నాయి.